గెటప్ మారితే పాత్ర మారిపోదు: క్యారెక్టర్ వేషాల మీద అపోహలు - వాస్తవాలు

కాస్టింగ్‌కి వచ్చే ప్రొఫైల్ తెరిస్తే ఎనిమిది ఫొటోలుంటాయి. భుజాన తువ్వాలు వేస్తే రైతు. అద్దె టోపీ పెడితే ఎస్సై. జుట్టుకి తెల్ల పౌడరు కొడితే తాతయ్య. కాషాయం చుట్టుకుని కళ్ళు మూసుకుంటే స్వామీజీ. లావుపాటి గొలుసు వేసుకుని కళ్ళెర్రజేస్తే ఫ్యాక్షనిస్టు. ఎనిమిదింట్లోనూ చూపు ఒకటే, మెడ వాలు ఒకటే. కింద ఒక లైను: "కోట శ్రీనివాసరావు గారిలా అన్ని రకాల పాత్రలూ చేయగలను సార్."

ఆ కుర్రాడి మీద కోపం రాదు. అలా చెయ్యమని అతనికి చెప్పి డబ్బులు గుంజినవాళ్ళ మీద వస్తుంది. ఊరి నుంచి బస్సెక్కి హైదరాబాద్‌లో సినిమావాళ్ళుండే కృష్ణానగర్‌లో దిగినవాడికి మొదట పరిచయమయ్యేది దర్శకుడు కాదు, పోర్ట్‌ఫోలియో తీస్తానని చెప్పే మనిషి. గెటప్‌కింత అని లెక్క కట్టి తీసుకుంటాడు. నాలుగైదు నెలల రూము అద్దె ఆ ఆల్బమ్‌కే పోతుంది. ఆ ఆల్బమ్‌ని ఏ కో-డైరెక్టరూ రెండో పేజీ దాటి తిప్పడు.

కాబట్టి ముందు దీని సంగతి తేల్చుకుందాం. మిగతావి తర్వాత గబగబా చెప్పేస్తాను.

అపోహ: వైవిధ్యం అంటే రకరకాల గెటప్పులు

వాస్తవం తెలియాలంటే కోట గారి పాత్రలే చూడండి, కానీ ఫొటోలు చూసినట్టు కాదు. 1942 జూలై 10న కంకిపాడులో పుట్టి, స్టేట్ బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడి, 1978లో 'ప్రాణం ఖరీదు'తో తెరమీదికొచ్చిన మనిషి. 2025 జూలై 13న కన్నుమూసేనాటికి ఆయన చేసిన సినిమాలు 750 దాటాయి. అన్ని సినిమాల్లో విగ్గూ గడ్డమూ మార్చుకుంటూ ఎవరూ నెగ్గుకురాలేరు. ఆయన వేషాల్లో చాలావాటికి బట్టలు మామూలువే, పంచె-లాల్చీనో ప్యాంటు-చొక్కానో. 'గణేష్' (1998)లో ఆరోగ్యమంత్రి లాంటి వేషాలకి గెటప్ ఉంది, కాదనను. కానీ ఆ వేషం నుంచి గెటప్ తీసేసినా మనిషి మిగులుతాడు. మన ఆల్బమ్ కుర్రాడి ఫొటోలోంచి తువ్వాలు తీసేస్తే రైతు మిగలడు.

ఇద్దరు పిసినారుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు జంధ్యాల గారి 'అహ నా పెళ్ళంట' (1987)లో లక్ష్మీపతి. ఇంకొకరు 'ఆ నలుగురు' (2004)లో కోటయ్య. నటుడు ఒకరే, ఇద్దరికీ డబ్బే ప్రాణం. కొత్త నటుడికి ఈ రెండూ ఇస్తే రెండిట్లోనూ ఒకే పిసినారిని చేస్తాడు. మాసిన బట్టలేసుకుని, గొంతు సన్నంగా పెట్టి, వేళ్ళమీద లెక్కలేస్తూ.

లక్ష్మీపతికి పొదుపు ఒక ఆనందం. కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే సీను అందరికీ తెలిసిందే. మళ్ళీ ఒకసారి నవ్వకుండా చూడండి. కోడి వైపు చూసి ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు ఆ మొహంలో 'నేను హాస్యం చేస్తున్నాను' అన్న ఛాయ ఎక్కడా లేదు. కూర కలిసిన ముద్దే తింటున్నంత తృప్తి ఉంది. ఆ మనిషి తన పద్ధతిలో తాను గెలిచాడు, తక్కినవాళ్ళు డబ్బు తగలేసుకునే వెర్రివాళ్ళు. అందుకే మనకి నవ్వొస్తుంది. అదే సీనులో నటుడు కోడి వైపు ఆశగా, దీనంగా చూసి ఉంటే జాలి పుట్టేది, నవ్వు చచ్చేది.

కోటయ్య అలాంటివాడు కాదు. అతనికి డబ్బు మీదున్నది నమ్మకం, డబ్బు తప్ప దేన్నీ నమ్మడు. ఎదుటి మనిషి మంచితనం అతనికి అర్థం కాదు. ఎందుకిలా ఉంటాడు ఈ మనిషి, ఏం కలిసొస్తుంది ఇతనికి అని చిరాకు. ఇలాంటి వేషంలో ఒక మెలిక ఉంది. కథ చివరికి ఇతను మారాలి. మారే మనిషిని మొదటి సీను నుంచే పూర్తిగా బిగించేసి చేస్తే చివరి మార్పుని జనం నమ్మరు. లక్ష్మీపతిలో ఎక్కడా సందు లేదు, కోటయ్యలో ఉంది. వేషం ఒప్పుకునే ముందు కథంతా వినాలని పెద్దవాళ్ళు పట్టుబట్టేది ఇందుకే. తన ఆఖరి సీను తెలియకుండా మొదటి సీను ఎంత గట్టిగా చెయ్యాలో నటుడికి తెలియదు.

రాజకీయ నాయకుల్నే తీసుకోండి. 'ప్రతిఘటన' (1985)లో కాశయ్య, 'గాయం' (1993)లో గురునారాయణ, 'లీడర్' (2010)లో పెద్దాయన. ముగ్గురివీ రాజకీయ నాయకుడి బట్టలే. ఒకరి ఫొటో ఇంకొకరి చోట అంటిస్తే పోస్టరు చూసేవాడు పట్టుకోలేడేమో గానీ, రెండు నిమిషాల సీను చూసినవాడు పట్టుకుంటాడు.

ఇప్పటికీ నమ్మకం కుదరనివాళ్ళకి 'మాయాబజార్' (1957) ఉంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారాక తెరమీద ఉన్నది సావిత్రి గారు. కిరీటం లేదు, గద లేదు, ఎస్వీ రంగారావు గారి శరీరమే లేదు. పట్టుచీర, పూలజడ. అయినా థియేటర్లో చిన్నపిల్లాడు కూడా "ఘటోత్కచుడు!" అంటాడు. ఆ నడక, ఠక్కున మారే చూపు, దొరికిపోతానేమో అని సర్దుకోవడం, ఇవే ఘటోత్కచుడు. గెటప్ పూర్తిగా తిరగబడ్డా పాత్ర చెక్కుచెదరలేదు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మరి మారేదేమిటి? నేర్చుకోవాలనుకునేవాళ్ళు నాలుగు చూసుకోవాలి.

మొదటిది మాట వేగం, ముఖ్యంగా ఎక్కడ ఆగుతాడన్నది. అధికారం ఉన్నవాడు వాక్యం మధ్యలో ఆగగలడు, తన మాటకి ఎవరూ అడ్డురారని తెలుసు కాబట్టి. అప్పు అడగడానికి వచ్చినవాడు ఆగలేడు. ఆగితే ఎదుటివాడు 'లేవు' అనేస్తాడని గబగబా చెప్పేస్తాడు. ఒకే డైలాగుని ఈ రెండు రకాలుగా చెప్పి ఫోన్లో రికార్డు చేసుకుని వినండి, గొంతు మార్చక్కర్లేకుండానే ఇద్దరు మనుషులు వినపడతారు.

రెండోది చేతులు. కొత్తవాళ్ళ చేతులు ప్రతి మాటకీ లేస్తాయి. ఒక పాత్రకి ఒక్క పని పెట్టుకోండి, కళ్ళజోడు తుడవడమో, పంచె అంచు సవరించడమో, లేదా ఏమీ చెయ్యకపోవడమో. ఆ పనిని సీనులో రెండుసార్లకి మించి వాడకండి. మూడోసారికి అది మేనరిజం అవుతుంది, ఐదోసారికి మిమిక్రీ అవుతుంది.

మూడోది ఎవరి ముందు తగ్గుతాడన్నది. ప్రతి మనిషీ ఎవరో ఒకరి ముందు తగ్గుతాడు. మంత్రి హైకమాండ్ ముందు, ఫ్యాక్షనిస్టు తల్లి ముందు, పిసినారి అల్లుడి ముందు. ఆ ఒక్క సీనులో నడుం, మెడ, గొంతు ఎలా మారతాయో తేల్చుకుంటే తక్కిన సీన్లన్నీ వాటంతటవే కుదురుతాయి.

నాలుగోది వినడం. దీని గురించి కింద విడిగా చెప్తాను.

ఇక సాధన. ఒక పేజీ సీను తీసుకోండి, పది పన్నెండు డైలాగులు చాలు. మొదటి రెండు రోజులు భావం పెట్టకుండా చదువుతూ బట్టీ పట్టండి, ఉల్లిపాయలు తరుగుతూనో బట్టలు మడతేస్తూనో. భావంతో కలిపి బట్టీ పడితే డైలాగుకి ఒక రాగం అతుక్కుంటుంది. సెట్లో దర్శకుడు "ఇంకాస్త మామూలుగా చెప్పండి" అన్నప్పుడు ఆ రాగం ఊడిరాదు. మంచి నాటక నటులు కూడా సినిమాలో తడబడేది ఎక్కువగా ఇక్కడే. మీ డైలాగులతో పాటు ఎదుటివాడి డైలాగులూ నేర్చుకోండి. మూడో రోజు ఒకర్ని కూర్చోబెట్టి ఎదుటి డైలాగులు చదివించండి, అతన్ని మాత్రం నటించవద్దనండి. అదే సీనుని ముగ్గురు మనుషులుగా చెయ్యండి, అదే చొక్కా, అదే కుర్చీ. తీసిన వీడియోని ఒకసారి సౌండ్ ఆపేసి చూడండి. ముగ్గురూ వేరుగా కనిపించాలి. మరోసారి ఫోన్ బోర్లించి వినండి. ముగ్గురూ వేరుగా వినిపించాలి. రెండిట్లో ఏది ఫెయిలైతే అక్కడ పని ఉన్నట్టు. దీనికి పైసా ఖర్చు లేదు.

గెటప్ పనికిరాదని అనడం లేదు. దానికి ఒక వేళ ఉంది. దర్శకుడు పాత్ర ఖాయం చేశాక, మేకప్ మనిషీ కాస్ట్యూమరూ కూర్చుని, లుక్ టెస్ట్ చేసి తేల్చేది అది. నటుడు ఇంటి దగ్గర సొంతంగా వేసుకొచ్చేది కాదు. పైగా అంటించిన గడ్డం వెనక ఉండే కష్టాలు ఫొటోలో కనపడవు. గమ్ ఎండాక పెదవి పక్క చర్మం బిగుసుకుంటుంది, మూతి కదలిక సగమవుతుంది. ఎండలో మధ్యాహ్నానికి చెమట పట్టి అంచులు లేస్తాయి, క్లోజ్‌లో (మొహాన్ని దగ్గరగా తీసే షాట్‌లో) ఆ వెంట్రుకలు కుట్టిన నెట్ మెరుస్తుంది. భోజనం చేస్తే మీసం ఊడుతుంది. షాటు షాటుకీ అతికించినప్పుడు ఒక నూలు పైకో కిందకో అయితే ఎడిటింగ్‌లో మీసం ఎగిరినట్టుంటుంది. సొంత గడ్డం పెంచడం మేలే, కానీ అప్పుడు ఇంకో చిక్కు: ఆ సినిమా కాంబినేషన్ డేట్లు (తక్కిన నటులతో కలిసి చేసే రోజులు) వెనక్కి జరుగుతూ పోతే గడ్డంతో కూర్చోవాల్సిందే, మధ్యలో వచ్చిన వేషాలు వదులుకోవాల్సిందే. అందుకే పని ఎక్కువున్న క్యారెక్టర్ ఆర్టిస్టులు గెటప్‌ని వీలైనంత తగ్గించుకుంటారు. పొద్దున ఒక సెట్లో తండ్రి, సాయంత్రం ఇంకో సెట్లో విలన్ అయితే రెంటికీ నప్పేది తన సొంత మొహమే.

అపోహ: యాస వస్తే పాత్ర వచ్చేసినట్టే

కృష్ణా జిల్లా మనిషి కోట గారు 'ప్రతిఘటన'లో తెలంగాణ యాసతో పేరు తెచ్చుకున్నారు కదా, అదే దారి అనుకుని వచ్చేవాళ్ళు చాలామంది. నాలుగు మాటల చివర 'భయ్' తగిలిస్తే తెలంగాణ, 'ఏటి' అంటే శ్రీకాకుళం, 'అబ్బయా' అంటే సీమ. ఇది యాస కాదు, కామెడీ స్కిట్.

యాస క్రియల్లో ఉంటుంది. తెలంగాణలో 'వచ్చిండు', సీమలో 'వచ్చినాడు', ఉత్తరాంధ్రలో 'వచ్చీసినాడు'. ఇవి కూడా జిల్లా జిల్లాకీ మారతాయి. కరీంనగర్ మాట వేరు, పాలమూరు మాట వేరు, పాతబస్తీ పక్కన పెరిగినవాడి మాట వేరు. చిత్తూరు మాట కర్నూలు మాట కాదు. "తెలంగాణ యాస వచ్చు" అని ప్రొఫైల్లో రాస్తే వెంటనే వచ్చే ప్రశ్న "ఏ ఊరిది?" దానికి జవాబుండాలి. అన్నీ వచ్చని రాసేకన్నా మీ ఊరి మాట ఒక్కటి నిక్కచ్చిగా వచ్చని రాయడం మేలు.

నేర్చుకునే పద్ధతి: ఆ ప్రాంతం మనిషి ఒకరితో పది నిమిషాలు మాట్లాడించి రికార్డు చెయ్యండి. డైలాగులు చెప్పించకండి, పంట గురించో పిల్లల పెళ్ళి గురించో మాట్లాడించండి. అందులోంచి ఇరవై క్రియలు రాసుకోండి. తర్వాత శ్వాస ఎక్కడ తీసుకుంటున్నాడో గుర్తు పెట్టండి. చివరగా కోపంలో అతని మాట ఎలా ఉందో వినండి, ఎందుకంటే నేర్చుకున్న యాస ముందుగా జారిపోయేది కోపంలోనే. అరిచే సీనులో నటుడి సొంత ఊరు బయటపడుతుంది.

ఇంకో సంగతి, ఇది చేదుగానే ఉంటుంది. తెలంగాణ యాసని దశాబ్దాల పాటు విలన్లకీ హాస్యగాళ్ళకీ మాత్రమే ఇచ్చారన్న బాధ తెలంగాణ జనంలో ఉంది. అది న్యాయమైన బాధ. కోట గారు ఆ యాసని ఎంత బాగా పలికినా ఆ లెక్క మారదు. 'ఫిదా' (2017), 'బలగం' (2023) వచ్చాక పరిస్థితి మారింది. ఇప్పుడు యాసంటే ఇంట్లో మనిషి మాట. యాసని 'ఫన్నీ'గా చేసి చూపించే ఆడిషన్ వీడియోలు ఈరోజు ఎదురు తంతాయి.

అపోహ: డైలాగులు ఎక్కువుంటేనే మంచి వేషం

సీన్ పేపర్ చేతికి రాగానే తన డైలాగులు ఎన్నున్నాయో లెక్కపెట్టుకునే నటుణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుంది. క్యారెక్టర్ ఆర్టిస్టు జీతం తీసుకునేది సగం మాట్లాడినందుకు, సగం విన్నందుకు. హీరో ఏడుస్తూ చెప్పే మాట జనానికి తగలాలంటే ఎదురుగా నిలబడ్డ తండ్రి మొహంలో అది తగలాలి. ఎడిటర్ ఆ మొహం కోసమే వెతుకుతాడు. 'బొమ్మరిల్లు' (2006), 'ఆడవారి మాటలకు అర్థాలే వేరులే' (2007)లో కోట గారు చేసిన తండ్రుల్ని మళ్ళీ చూడండి, మాట్లాడనప్పుడు ఏం చేస్తున్నారో మాత్రమే చూడండి.

సెట్లో ఇది ఎలా పనిచేస్తుందో తెలియక చాలామంది క్లోజులు పోగొట్టుకుంటారు. ముందు సీనంతా ఒకేసారి కనపడేలా మాస్టర్ షాట్ తీస్తారు. తర్వాత సజెషన్లు (ఒకరి భుజం మీదుగా ఎదుటివాడి మొహం తీసేవి), ఆఖర్న క్లోజులు. మాస్టర్‌లో మీరు ఏ మాట దగ్గర గ్లాసెత్తారో, ఏ మాట దగ్గర కూర్చున్నారో, క్లోజులోనూ అదే మాట దగ్గర అదే చెయ్యి లేవాలి. లేవకపోతే ఆ రెండు షాట్లూ అతకవు. ఎడిటర్ తగాదా పెట్టుకోడు, మీ క్లోజు తీసి పక్కన పడేసి హీరో మీద ఉండిపోతాడు. "నా సీను కట్ చేశారు" అని బాధపడేవాళ్ళలో కొందరి కథ నిజానికి ఇదే. ఏ షాట్‌లో ఎవరు ఏం చేశారో అసిస్టెంట్ డైరెక్టర్ కంటిన్యుటీ రాస్తాడు గానీ మీ చెయ్యి మీకే గుర్తుండాలి. గుర్తుండాలంటే మాస్టర్‌లో తక్కువ పనులు పెట్టుకోవాలి.

భోజనం సీన్లయితే ఇంకా జాగ్రత్త. మాస్టర్‌లో ఆవురావురుమని పెద్ద ముద్దలు తిన్నవాడు సాయంత్రం దాకా అవే ముద్దలు తినాలి. అనుభవం ఉన్నవాళ్ళు గోళీకాయంత ముద్ద కలుపుతారు, డైలాగుకి ముందు కాక తర్వాత నోట్లో పెట్టుకుంటారు.

సజెషన్ షాట్‌లో మీ భుజం మాత్రమే కనపడుతుంటే నటన అక్కర్లేదనుకోకండి. ఊగకుండా నిలబడాలి. ఊగితే ఎదుటివాడి మొహం కప్పుకుపోతుంది. ఎదుటివాడి క్లోజుకి కెమెరా వెనక నిలబడి డైలాగు అందించాల్సి వస్తే మీ క్లోజులో ఎంత మనసు పెట్టారో అంతా పెట్టి ఇవ్వండి. మీ క్లోజు వచ్చినప్పుడు అతనూ ఇస్తాడు. మీ క్లోజులో మాత్రం ఎదుటివాడి రెండు కళ్ళ మధ్య చూపు తిప్పకండి, తెరమీద కళ్ళు గింగిరాలు తిరిగినట్టుంటాయి. కెమెరాకి దగ్గరున్న కన్నునే చూడండి.

అపోహ: ప్రాంప్టింగ్ ఉంటుంది, బట్టీ పట్టక్కర్లేదు

ప్రాంప్టింగ్, అంటే పక్కనుంచి డైలాగు అందించడం, ఉండేది డబ్బింగ్ చేసే సినిమాల్లో. సింక్ సౌండ్ పెడితే, అంటే సెట్లోనే మాట రికార్డు చేస్తే, ప్రాంప్టర్ గొంతు రికార్డవుతుంది కాబట్టి నోరెత్తడు. ఉన్నచోట కూడా ప్రాంప్టింగ్ మీద ఆధారపడ్డ నటుడి కళ్ళు ప్రతి లైనుకి ముందు అర సెకను శూన్యంలోకి పోతాయి. క్లోజులో అది దాగదు. సీన్ పేపర్ చాలాసార్లు ఆ పొద్దునే వస్తుంది, వచ్చాక కూడా మాటలు మారతాయి. అందుకే మాటల వరస కన్నా ముందు భావం వరస పట్టుకోవాలి.

డబ్బింగ్‌నీ తేలిగ్గా తీసుకోకండి. సెట్లో చేసింది సగమే, తక్కిన సగం డబ్బింగ్ థియేటర్లో లూపుల్లో (సీనుని చిన్న ముక్కలుగా వేసి చూపిస్తారు, ఆ ముక్కల్లో) అతుకుతుంది. కూర్చుని చేసిన సీనుకి కూర్చునే చెప్పండి, నడుస్తూ చేసినదానికి నిలబడి ఒళ్ళు కదిలించండి. ఊపిరి తేడా మైక్‌కి తెలిసిపోతుంది. నిట్టూర్పులు, గొంతు సవరింపులు, 'ఊఁ'లు కూడా లూపులో ఉంటే అవీ నింపాలి. తెలుగులో కోట గారి పాత్రలన్నిటినీ కలిపేది ఆయన గొంతే. ఆ గొంతుకున్న పట్టు వల్లే 'గబ్బర్ సింగ్' (2012)లో 'మందుబాబులం' ఆయన చేతే పాడించారు.

అపోహ: వయసు మళ్ళాకే తండ్రి వేషాలు

గుమ్మడి గారు 1927లో పుట్టారు, అక్కినేని గారు 1924లో. అయినా తండ్రి వేషాలు గుమ్మడి గారివి. ఎస్వీఆర్ ఎన్టీఆర్ కన్నా ఐదేళ్ళే పెద్ద. వయసు జుట్టులోకన్నా కూర్చుని లేచే తీరులో ఎక్కువ కనపడుతుంది. కొత్తవాళ్ళు నడుం వంచి, గొంతు వణికిస్తారు. పెద్దవయసు మనిషి వంగడు, ఆనుకునేది వెతుక్కుంటాడు. కుర్చీ చెయ్యి ముందు చేతికి తగిలాకే కూర్చుంటాడు. లేచాక మొదటి అడుగు వెంటనే వెయ్యడు, ఒక్క క్షణం నిలదొక్కుకుంటాడు. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మెడ ఒక్కటే కాదు, భుజాలు కూడా తిరుగుతాయి. ఈ మూడూ చేస్తే పౌడరు లేకుండానే పదిహేనేళ్ళు మీద పడతాయి.

అపోహ: ఒక ముద్ర పడితే ఇక అంతే

పడుతుంది, కాదనలేం. కానీ కైకాల సత్యనారాయణ గారు 'సిపాయి కూతురు' (1959)లో హీరోగా మొదలై, విలన్ అయి, 'యమగోల' (1977), 'యమలీల' (1994)లో యముడై, మధ్యలో ఎన్నో ఇళ్ళకి తండ్రయ్యారు. కోట గారు నంది పురస్కారాలు విలన్ విభాగంలోనూ తీసుకున్నారు, క్యారెక్టర్ విభాగంలోనూ తీసుకున్నారు. అదే సమయంలో బాబూమోహన్ గారితో జంట కట్టి నవ్వించారు. 2003లో 'సామి'తో తమిళానికి విలన్‌గా వెళ్ళారు, 2005లో హిందీ 'సర్కార్'లో కనిపించారు. ముద్రకి భయపడి మొదటి మూడు వేషాలు వదులుకున్నవాడికి ముద్ర కూడా పడదు.

అపోహ: విలనంటే అరవాలి

'ముత్యాలముగ్గు' (1975)లో గొంతు పెంచకుండా తాపీగా మాట్లాడే రావుగోపాలరావు గారి కాంట్రాక్టర్ని చూశాక కూడా ఈ మాట అనేవాళ్ళకి చెప్పేదేం లేదు.

అపోహ: డబ్బు కడితే వేషం ఇప్పిస్తారు

ఇప్పించరు. ఆడిషన్‌కి డబ్బు ఉండదు. రిజిస్ట్రేషన్ ఫీజు, కాస్ట్యూమ్ డిపాజిట్, 'ఆర్టిస్ట్ కార్డు' ఖర్చు, వర్క్‌షాప్ చేస్తేనే వేషం, ఇవన్నీ ఒకే మోసానికి వేరే వేరే పేర్లు. నటులకి వేషాలు కుదిర్చే కోఆర్డినేటర్‌కి కమిషన్ ఉంటుంది, నిజమే. అది మీకొచ్చిన పారితోషికంలోంచి, మీకు వచ్చాక. ముందే అడిగాడంటే అతని దగ్గర వేషం లేదు. 'మా' (మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్) సభ్యత్వం లేకపోతే మొదటి వేషమే రాదన్నది కూడా పుకారే.

ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా అప్పు చేసి కట్టినవాళ్ళు సిగ్గుతో బయటికి చెప్పుకోరు. సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఇచ్చిన డబ్బుకి ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మెసేజీలు ఉంచుకుని పోలీసులకి ఫిర్యాదు ఇవ్వండి. ముందే జాగ్రత్తపడాలంటే నిర్మాణ సంస్థ పేరు, దర్శకుడి పేరు అడగండి. ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ ఛాంబర్ ఉంది, ఆ టైటిల్, ఆ సంస్థ ఉన్నాయో లేవో వాకబు చెయ్యొచ్చు. పేర్లు అడిగితే చిరాకు పడేవాడి ఆఫీసుకి వెళ్ళకండి. ఆడపిల్లలు ఆడిషన్‌కి పగటిపూట, ఆఫీసుకే వెళ్ళండి, తోడు ఒకర్ని తీసుకెళ్ళండి. తోడు వద్దంటే ఆ ఆడిషనే వద్దు.

మరి ఏం పంపాలి?

ఫొటోలు మూడు చాలు. ముఖం క్లోజ్, నడుం దాకా, నిలువెత్తు. మేకప్ వద్దు, నల్లకళ్ళజోడు వద్దు, ఫిల్టర్ అసలే వద్దు. రంగు మార్చిన ఫొటో చూసి పిలిస్తే మీరు వచ్చాక అందరికీ టైం దండగ.

వీడియో ఫోన్ అడ్డంగా పెట్టి తియ్యండి. పగటిపూట కిటికీకి ఎదురుగా నిలబడండి, కిటికీ మీ వీపు వెనక ఉంటే మొహం నల్లబడుతుంది. వెనక ఖాళీ గోడ ఉండాలి. ఫ్యాను ఆపెయ్యండి, ఫోన్ మైక్‌లో ఫ్యాను హోరే ముందు వినపడుతుంది. మొదటి ముప్పై సెకన్లు మీ పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు, మీ ఊరి మాటలోనే చెప్పండి. ఎడమవైపు, కుడివైపు తిరిగి చూపించండి. తర్వాత నిమిషం చొప్పున రెండు ముక్కలు. ఒకటి మీరు ఎక్కువ మాట్లాడేది, ఇంకొకటి ఎదుటివాడు మాట్లాడుతుంటే మీరు వినేది. ఆ రెండో ముక్క ఎవరూ పంపరు, పంపినవాడి వీడియో ఆఖరి దాకా చూస్తారు. రెండిట్లో ఒకే చొక్కా వేసుకోండి. ప్రసిద్ధ డైలాగులు వద్దు, వాటిని చూసేవాడికి ఒరిజినలే గుర్తొస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టకండి.

ఫైల్ పేరు మీ పేరు, వయసు, ఊరు అని మార్చి పంపండి. వాట్సాప్ ఇచ్చిన అంకెల పేరుతోనే పంపిన వీడియో రేపు పాత్ర వచ్చినప్పుడు వెతికితే దొరకదు. నెలకోసారి "సార్ చూశారా" అని అడగడం కన్నా, ఆర్నెల్లకోసారి కొత్త వీడియో పంపడం మంచిది.